అంటాల్సిన చోటు, అంటకూడని చోటు: రైఫిల్ బెడ్డింగ్‌లో రిలీజ్ ఏజెంట్ సంగతి

ఎపాక్సీ (రెండు భాగాలు కలిపితే గట్టిపడే జిగురు) గట్టిపడిన మర్నాడు రైఫిల్ రిసీవర్‌ని, అంటే బోల్ట్, ట్రిగ్గర్ అమరే లోహపు భాగాన్ని, స్టాక్‌లోంచి, అంటే దాన్ని పట్టుకుని ఉండే పిడిలోంచి, పైకి లేపాను. కింద ఏర్పడిన గూడు బూడిదరంగు అద్దంలా మెరుస్తోంది. చూడముచ్చటగా వచ్చిందని మురిసిపోతూ వెలుతురులోకి తీసుకెళ్లి చూద్దును కదా, ముందు స్క్రూ రంధ్రానికి కాస్త వెనక నా బొటనవేలి ముద్ర! గీతలతో సహా దిగిపోయింది. మైనం రాసి, గుడ్డతో మెరుగు పెట్టాక, పొరపాటున ఒక్కసారి అక్కడ పట్టుకున్నాను. అంతే.

దానివల్ల రైఫిల్ గురికి వచ్చిన నష్టమేమీ లేదు. వేలిముద్ర గీతల ఎత్తు ఎంతని? కానీ రిలీజ్ ఏజెంట్ (ఎపాక్సీ ఉక్కుకి అంటకుండా ముందే రాసే పూత) మీద నాకున్న ఆలోచన ఆ రోజు మారింది. ఎపాక్సీ అంటుకోకుండా ఏదో ఒకటి పూసేస్తే సరిపోతుందని అనుకునేవాణ్ణి. కానీ ఎపాక్సీ అచ్చు తీసుకునేది ఉక్కుని కాదు, ఉక్కు మీద మనం పూసిన పూతని. పూత మందంగా ఉంటే గూడు వదులవుతుంది. పూత గీతలు గీతలుగా ఉంటే గూడూ గీతలు గీతలుగానే వస్తుంది. పూత లేని చోట రిసీవర్, స్టాక్ ఒకటే ముక్క అయిపోతాయి.

ఈ పని కొత్తగా మొదలుపెట్టేవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "ఏ రిలీజ్ ఏజెంట్ మంచిది?" నన్నడిగితే అది రెండో ప్రశ్న. ఇరుక్కుపోయిన రైఫిళ్లలో ఎక్కువ శాతం తప్పుడు డబ్బా కొన్నందువల్ల ఇరుక్కున్నవి కావు. ఎందుకో తెలియాలంటే ముందు బెడ్డింగ్ పనిలో ఉన్న చిక్కు ఏమిటో చూడాలి.

బోల్ట్ యాక్షన్ రైఫిల్‌లో లోహపు భాగం, అంటే రిసీవరూ దానికి బిగించిన బ్యారెలూ, రెండు మూడు స్క్రూలతో స్టాక్‌లో కూర్చుంటాయి. స్టాక్ చెక్కదైనా, ఫైబర్‌గ్లాస్‌దైనా, అందులో తొలిచిన గూడు రిసీవర్ ఆకారానికి అచ్చంగా సరిపోవడం అరుదు. ఒకచోట ఆనుతుంది, ఇంకోచోట ఆనదు. ఆ ఎత్తుపల్లాల మీద స్క్రూలు బిగిస్తే రిసీవర్ కంటికి కనిపించనంతగా వంగుతుంది. పేల్చిన ప్రతిసారీ కాస్త జరిగి, మళ్లీ వేరే చోట కూర్చుంటుంది. తూటాలు ఒకచోట పడకుండా చెదిరిపోవడానికి ఇదొక పెద్ద కారణం. అందుకని గూడుని కాస్త తొలిచి, అందులో ఎపాక్సీ వేసి, రిసీవర్‌ని దానిలో కూర్చోబెట్టి గట్టిపడనిస్తారు. ఇదే బెడ్డింగ్. రిసీవర్ తనకు తానే గూడు చేసుకుంటుందన్నమాట.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఎపాక్సీ స్టాక్‌ని జన్మలో వదలకూడదు. ఉక్కుని మాత్రం అసలు పట్టుకోకూడదు. రెండూ ఒకే ఎపాక్సీకి చెరో పక్కన ఉన్నాయి, దానికేమో ఆ తేడా తెలియదు. పైగా శుభ్రమైన ఉక్కంటే దానికి మహా ఇష్టం.

అంటుకోవడం వేరు, ఇరుక్కోవడం వేరు

తామరాకు మీద నీటిబొట్టు నిలవదు. కారణం, ఆకు మీద ఉండే సన్నని మైనపు పొర, దానికి తోడు ఆకు గరుకుదనం. రిలీజ్ ఏజెంట్ చేసే పనికి మూలం ఆ మైనంలోనే ఉంది. ఏ ద్రవమైనా ఉపరితలం మీద పరుచుకుంటేనే అంటుకోగలదు. ఎపాక్సీ ఉపరితల తన్యత సుమారుగా మీటరుకి 45 మిల్లీన్యూటన్లు. శుభ్రమైన లోహపు ఉపరితల శక్తి అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ కాబట్టి ఎపాక్సీ దాని మీద హాయిగా పరుచుకుని పట్టేస్తుంది. మైనం ఉపరితల శక్తి అదే కొలతలో 30 లోపు, టెఫ్లాన్‌ది 20 దరిదాపుల్లో ఉంటుంది. అలాంటి పొర మీద ఎపాక్సీ ఆనుతుంది, ఆకారం తీసుకుంటుంది, కానీ పట్టు దొరకదు.

ఇది అంటుకోవడం గురించి. ఇరుక్కోవడం వేరే కథ.

రిసీవర్ అడుగున ట్రిగ్గర్ పిన్నుల రంధ్రాలుంటాయి, బోల్ట్ స్టాప్ గాడి ఉంటుంది, మ్యాగజైన్ కోసం కోసిన పెద్ద ఖాళీ ఉంటుంది, స్క్రూల మరలుంటాయి. వాటిలోకి ఎపాక్సీ దూరి గట్టిపడిందంటే లోపల మేకు దిగినట్టే. ఆ రంధ్రం గోడలకు ప్రపంచంలోకెల్లా ఖరీదైన రిలీజ్ ఏజెంట్ రాసినా ఉపయోగం లేదు. మేకు అంటుకోలేదు నిజమే, కానీ అడ్డంగా దిగింది. రిసీవర్ పైకి రావాలంటే అది విరగాలి.

గుండ్రటి రిసీవర్లతో ఇంకో ప్రమాదం ఉంది. రెమింగ్టన్ 700 లాంటి రిసీవర్ గొట్టంలా ఉంటుంది. ఎపాక్సీ పక్కల నుంచి పైకి పొంగి, గొట్టం సగం ఎత్తు దాటి గట్టిపడితే, చేత్తో బంతిని పట్టుకున్నట్టు పట్టేస్తుంది. సగం దాకా ఉంటే పైకి వస్తుంది. సగం దాటితే రాదు. మాసర్ 98 లాంటి చదును అడుగున్న రిసీవర్లతో ఈ భయం తక్కువ.

కాబట్టి డబ్బా మూత తీయడానికి ముందు పని బంకమన్నుతో మొదలవుతుంది. పిల్లలు బొమ్మలు చేసుకునే, ఎండిపోని రకం మన్ను చాలు. రిసీవర్‌ని తలకిందులు చేసి, వేలి గోరు దిగే ప్రతి సందునీ దానితో పూడ్చి, పైన బ్లేడుతో సమంగా గీకెయ్యాలి. అక్షరాలు, నంబర్లు చెక్కిన చోట్లు లోతుగా ఉంటే మైనంతో నింపితే సరి. ఎపాక్సీ ఏ రకమన్నదాన్ని బట్టి ఈ పని ఎంత జాగ్రత్తగా చేయాలో మారుతుంది. మెరైన్‌టెక్స్, డెవ్‌కాన్ లాంటి ముద్దగా ఉండేవి పెట్టిన చోట ఉంటాయి. పల్చగా పారే ఎపాక్సీ మాత్రం మనం చూడని రంధ్రాన్ని కూడా వెతుక్కుంటూ వెళ్తుంది.

బోల్ట్, ట్రిగ్గర్ సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. తుపాకీ ఖాళీగా ఉందని ఛాంబర్‌లో (తూటా కూర్చునే చోట) కంటితో చూసి, వేలితో తడిమి, బోల్ట్, ట్రిగ్గర్ విప్పి పక్కన పెట్టాకే ఇదంతా.

ఇక డబ్బాల సంగతి

వాడుకలో ఉన్నవాటిని చూస్తే పేర్లు పాతిక ఉంటాయి కానీ రకాలు నాలుగే.

మొదటిది ముద్ద మైనం. ఫర్నిచర్‌కి, నేలకి వాడే పేస్ట్ వ్యాక్స్, రంగులేని బూట్ పాలిష్, అచ్చులు పోసేవాళ్లు వాడే కార్నౌబా మైనం, అన్నీ ఈ కోవలోవే. నా ఓటు దీనికే. పలచగా రాసి మెరుగు పెడితే పొర మందం లెక్కలోకి రానంత తక్కువ. ఎక్కడ రాశామో, ఎక్కడ రాయలేదో మెరుపు చూసి చెప్పొచ్చు. పని అయ్యాక టర్పెంటైన్ లాంటి ద్రావకంతో పోతుంది. ఎపాక్సీ గట్టిపడేటప్పుడు పుట్టే వేడికి మైనం కరిగిపోతుందేమోనని కొందరికి టెన్షన్. కార్నౌబా 80 డిగ్రీల సెల్సియస్ దాటితే గానీ కరగదు, తేనెమైనం 60 దాటాక కరుగుతుంది. బెడ్డింగ్‌లో ఎపాక్సీ పొర కొన్ని మిల్లీమీటర్లే కాబట్టి, ఆ వేడిని పక్కనున్న ఉక్కు ఎప్పటికప్పుడు లాగేసుకుంటుంది. గిన్నెలో మిగిలిపోయిన ఎపాక్సీ చెయ్యి కాలేంత వేడెక్కడం చూసి స్టాక్‌లోనూ అంతే అనుకోకూడదు.

కారు పాలిష్‌ల విషయంలో మాత్రం జాగ్రత్త. వాటిలో సిలికోన్ ఉండొచ్చు, సన్నటి గరుకు పొడి కూడా ఉండొచ్చు. పొడి వల్ల రాసేటప్పుడే పాత పొర లేచిపోతుంది. సిలికోన్ సంగతి ఇంకా పెద్దది, దానికి కాసేపట్లో వస్తాను.

రెండోది పీవీఏ, అంటే పాలీవినైల్ ఆల్కహాల్. ఫైబర్‌గ్లాస్ పడవలు చేసేవాళ్లకి ఇది పాత చుట్టం. నీళ్లలా ఉంటుంది, ఆరాక ప్లాస్టిక్ కాగితం లాంటి సన్నటి పొరగా మారుతుంది. ఎక్కడ పడిందో తెలియడానికి చాలావాటిలో ఆకుపచ్చో నీలమో రంగు కలుపుతారు. అంటకుండా ఉంచడంలో దీన్ని మించింది లేదు, ఎందుకంటే ఎపాక్సీకీ ఉక్కుకీ మధ్య నిజంగానే ఒక తెర ఉంటుంది. కష్టమల్లా రాయడంలోనే. బ్రష్‌తో రాస్తే గీతలు పడతాయి, మూలల్లో చేరి బొట్లు కడుతుంది, ఆ బొట్టు ఎంత లావుంటే గూడులో అంత ఖాళీ. స్ప్రేతో చిలకరించినట్టు రెండు మూడు పలచటి పూతలు వేస్తే బాగుంటుంది. మైనం మీద పీవీఏ వేసేవాళ్లు చాలామంది. రెండు రక్షణలు కదా అని. మైనం బాగా ఆరి, మెరుగు పెట్టాక వేస్తే నిలుస్తుంది. తడి మైనం మీద వేస్తే తామరాకు మీద నీళ్లలాగే ముడుచుకుపోయి చుక్కలు చుక్కలుగా నిలబడుతుంది. ఇంకో సంగతి, ఇది నీళ్లతో కడిగితే పోతుంది. సుఖమే, కానీ ఉక్కుకి నీళ్లు తగిలాయని మర్చిపోతే మర్నాటికి తుప్పు.

మూడోది స్ప్రే డబ్బాలు. బెడ్డింగ్ కోసమే అమ్మేవి, సిలికోన్ స్ప్రేలు, టెఫ్లాన్ కలిసిన పొడి స్ప్రేలు. వీటి గొప్ప, చేతికందని మూలలోకి కూడా పోతాయి. వీటి లోపం, మనకి అక్కర్లేని చోటికి కూడా పోతాయి. స్టాక్ ఉన్న గదిలో సిలికోన్ స్ప్రే కొట్టడం నా దృష్టిలో నేరం. గాల్లో తేలిన ఆ తుంపర స్టాక్ గూడులో పడితే ఎపాక్సీ అక్కడ అంటదు. అంటాల్సిన చోట అంటకుండా, కొన్నాళ్లకి బెడ్డింగ్ పెచ్చులా లేచి వస్తుంది. చెక్కలోకి దిగిన సిలికోన్‌ని పూర్తిగా తీయడం దాదాపు అసాధ్యం. తర్వాత ఎప్పుడైనా వార్నిష్ వేసినా చేపకళ్లలా గుంటలు పడతాయి.

నాలుగోది నూనెలు, గ్రీజులు. వంటనూనె స్ప్రే కొట్టి పని కానిచ్చినవాళ్లూ ఉన్నారు, అబద్ధం కాదు. కానీ నూనె తడిగానే ఉంటుంది. చిక్కటి ఎపాక్సీ పక్కకు జరుగుతూ నూనెని తోసుకుపోతుంది. ఒకచోట చేరిన నూనె ఎపాక్సీలో గుంటలు పెడుతుంది, పోయిన చోట ఉక్కు బోసిగా మిగులుతుంది. నేను వాడను.

ఏది ఎంచుకున్నా ఒక చిన్న పరీక్ష చాలా గుండెకోతని తప్పిస్తుంది. ఒక పాత ఉక్కు ముక్కకి రిసీవర్‌కి రాసినట్టే రాసి, వాడబోయే ఎపాక్సీనే బఠాణీ గింజంత పెట్టి, గట్టిపడ్డాక గోటితో తోసి చూడాలి. టక్కున ఊడితే ఆ జోడీ కుదిరినట్టు.

రాయడంలో ఉన్న మెలకువ

ముందు ఉక్కుని అసిటోన్‌తోనో ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తోనో తుడవాలి. నూనె ఉన్న చోట మైనం జారిపోతుంది. రంగు వేసిన రిసీవర్ అయితే అసిటోన్ ఆ రంగుని లేపుతుందేమో కనపడని మూల చూసుకోవాలి. తర్వాత, మైనం రాయకముందే, రిసీవర్‌ని ఒకసారి ఉత్త స్టాక్‌లో దించి, స్క్రూలు పెట్టి, అన్నీ సరిగ్గా కూర్చుంటున్నాయో లేదో చూడాలి. ఈ రిహార్సల్ మైనం రాశాక చేస్తే రాసిన మైనమంతా స్టాక్ అంచులకు రాసుకుపోతుంది. రెండు నష్టాలు: ఉక్కు మీద పూత పోయింది, స్టాక్‌కి మైనం అంటింది.

ఇప్పుడు మైనం. గుడ్డ మీద కాస్తే తీసుకుని పలచగా రాయాలి. పది పదిహేను నిమిషాలకు పొర మసకబారుతుంది. అప్పుడు శుభ్రమైన గుడ్డతో మెరుగు పెట్టాలి. మళ్లీ రాయాలి, మళ్లీ మెరుగు పెట్టాలి. మూడు సార్లు చాలు. నున్నటి ఉక్కుకి రెండైనా సరిపోతాయి. మ్యాట్‌గా, గరుకుగా ఉన్న స్టెయిన్‌లెస్ రిసీవర్‌కి మూడూ కావాలి, ఆ గరుకులో ఉండే సూక్ష్మమైన గుంటలన్నీ నిండాలి కాబట్టి.

అంచుల దగ్గర ఒక మోసం జరుగుతుంది. మెరుగు పెట్టేటప్పుడు గుడ్డ బల్లపరుపు చోట్ల మెత్తగా, పదునైన అంచుల మీద గట్టిగా ఒరుసుకుంటుంది. అంటే ఎక్కడ పూత ఎక్కువ కావాలో అక్కడే తుడిచేస్తున్నాం. రికాయిల్ లగ్ (వెనక్కి తన్నే బలాన్ని స్టాక్‌కి చేర్చడానికి రిసీవర్ కింద పొడుచుకొచ్చిన ముక్క) కింది మూలలు, మ్యాగజైన్ గాడి అంచులు, రిసీవర్ వెనక తోక చివర, ఇవన్నీ అలాంటివే. ఆఖరి పూతప్పుడు ఈ అంచుల మీద వేలికి గుడ్డ చుట్టి విడిగా రాసి, మెరుగు పెట్టకుండా వదిలేయడం నా అలవాటు. అక్కడ కాస్త గీత పడితే పడనీ.

స్క్రూలకి కూడా రాయాలి. మరలన్నీ మైనంతో నిండేలా రాసి, నడిమి భాగానికి టేప్ చుడితే రంధ్రం మధ్యలో నిలబడతాయి, గోడలకు ఆనవు. పిల్లర్లు, అంటే స్క్రూ చుట్టూ పెట్టే లోహపు గొట్టాలు వాడుతుంటే తమాషాగా ఉంటుంది. గొట్టం బయటివైపు అంటాలి, లోపలివైపు అంటకూడదు. బయట గరుకు చేసి అసిటోన్‌తో తుడుస్తాం, లోపల మైనం రాస్తాం. రెంటికీ ఒకే చేతి తొడుగు వాడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. మైనం పని అయిపోగానే తొడుగులు మార్చేయడం మంచిది.

రికాయిల్ లగ్‌కి మాత్రం పూత ఒక్కటే సరిపోదు. పేల్చినప్పుడు వెనక్కి తన్నే బలమంతా లగ్ వెనక ముఖం మీద పడుతుంది. ఆ ముఖం బెడ్డింగ్‌కి గట్టిగా ఆనాలి, కాబట్టి దానికి మైనం మాత్రమే. ముందు ముఖం, రెండు పక్కలు, అడుగు మాత్రం ఆనకూడదు. ఆనితే రిసీవర్‌ని తీసి పెట్టిన ప్రతిసారీ లగ్ గీసుకుంటూ ఎపాక్సీ పొడిని గీకి కిందికి తోస్తుంది, ఆ పొడి మీద రిసీవర్ ఎత్తుగా కూర్చుంటుంది. అందుకని ఆ నాలుగు చోట్లా టేప్ అంటించి, టేప్ మీద మైనం రాస్తారు. మామూలు ఎలక్ట్రికల్ టేప్ మందం దాదాపు 0.18 మిల్లీమీటర్లు, పైపులకు చుట్టే మందపాటి టేప్ 0.25. రెండూ పనికొస్తాయి. అయితే టిక్కా టీ3 లాంటి రైఫిళ్లలో లగ్ విడి ముక్క. అది స్టాక్‌లో ఉంటుంది, దాన్ని పట్టుకునే గాడి రిసీవర్‌కి ఉంటుంది. అక్కడ లగ్ స్టాక్‌కి అంటాలి, రిసీవర్‌కి అంటకూడదు. లెక్క తిరగబడుతుంది. అందుకే ఏ రైఫిల్ అయినా, ఏ ముఖం ఏ పక్కకి చెందుతుందో ముందు కాగితం మీద గీసుకుంటాను.

ఇదంతా అయ్యాకే ఎపాక్సీ కలపాలి. కలిపాక టైమ్ మన చేతిలో ఉండదు. రిసీవర్‌ని బ్యారెల్ ముందు భాగంలో పట్టుకుని నిటారుగా దించాలి, జారుస్తూ కాదు. స్క్రూలు వేళ్లతో తిరిగినంత వరకే. గట్టిగా బిగిస్తే రిసీవర్ వంగుతుంది, ఆ వంపులోనే ఎపాక్సీ గట్టిపడుతుంది, మనం ఏ రోగానికి మందు వేస్తున్నామో ఆ రోగమే మళ్లీ వస్తుంది.

పక్కలకు పొంగిన ఎపాక్సీని చూడగానే చెయ్యి అసిటోన్ గుడ్డ వైపు పోతుంది. ఆ చెయ్యిని ఆపాలి. అసిటోన్ గుడ్డ ఎపాక్సీతో పాటు మైనాన్నీ తుడిచేస్తుంది. సరిగ్గా మెత్తటి ఎపాక్సీ ఆనుకుని ఉన్న గీత వెంట ఉక్కు బోసిపోతుంది, అక్కడ అది పట్టేస్తుంది. అడుగున అంతా మెరుగ్గా ఊడి, పై అంచు మాత్రం రిసీవర్‌కి అతుక్కుని పెచ్చులు లేచిన బెడ్డింగ్‌లు చాలావరకు ఇలా పాడైనవే. తడిగా ఉన్నప్పుడు ఐస్‌క్రీమ్ పుల్లతో గీకి, దూదితో ఎత్తేయాలి. మిగిలింది రబ్బరులా అయ్యాక ప్లాస్టిక్ ముక్కతో కోస్తే శుభ్రంగా వస్తుంది.

పైకి లేవకపోతే

ఇరవై నాలుగు గంటల తర్వాత స్క్రూలు తీసి, వాటి స్థానంలో పొడవాటి స్క్రూలు కొన్ని మరలే తిప్పి, కింద నుంచి రబ్బరు సుత్తితో ముందొకటి వెనకొకటి తట్టుతూ నిటారుగా లేపాలి. బ్యారెల్ పట్టుకుని పైకీ కిందికీ ఊపితే లగ్ తన గూడు గోడల్ని చిదిమేస్తుంది. బాగా కుదిరిన పనిలో "టిక్" మని ఒక చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు కోసం ఇరవై నాలుగు గంటలు ఎదురుచూసినవాళ్లకే దాని విలువ తెలుస్తుంది.

రాకపోతే కంగారు పడి పెద్ద సుత్తి అందుకోవద్దు. రైఫిల్‌ని కొన్ని గంటలు డీప్ ఫ్రీజర్‌లో పెడతారు. చలికి ఉక్కు ముడుచుకుని ఊడుతుందని చాలామంది చెబుతారు గానీ, నిజానికి ఉక్కు ముడుచుకునేది చాలా తక్కువ. డిగ్రీకి మిలియన్‌లో 12 వంతులు. ఎపాక్సీ అంతకు కొన్ని రెట్లు ఎక్కువ ముడుచుకోవాలని చూస్తుంది. ఈ తేడా వల్ల రెండింటి మధ్య గీత వెంట కోత బలం పుడుతుంది, సన్నగా పట్టుకున్న చోట్లు పుటుక్కున తెగిపోతాయి. ఇది అంటుకున్నదానికి మందు. రంధ్రంలో మేకులా ఇరుక్కున్నదానికి చలి పెద్దగా పనిచేయదు. దానికి వేడి కావాలి. గది వేడిమిలో గట్టిపడిన ఎపాక్సీల్లో చాలావాటికి 50, 60 డిగ్రీలు దాటాక బిగువు తగ్గుతుంది. హీట్ గన్‌తో రిసీవర్‌ని మెల్లగా వేడి చేస్తూ తడితే ఆ మేకు వంగో, తెగో దారి ఇస్తుంది. అప్పటికి ఆ చుట్టుపక్కల బెడ్డింగ్ చెడిపోయి ఉంటుంది. గీకి మళ్లీ వేసుకోవాల్సిందే.

మళ్లీ వేసుకోవడం అన్నప్పుడు, మొదటి పొర మీద ఇంకో పలచటి పొర వేయాలన్నా ఇదే వర్తిస్తుంది. రిసీవర్ నుంచి వచ్చిన మైనం ఇప్పుడు గూడు మొహానికి కూడా అంటి ఉంటుంది. దాన్ని ద్రావకంతో తుడిచి, గరుకు కాగితంతో మెరుపు పోయేదాకా రుద్ది, మళ్లీ తుడవాలి. ఈ వరస ముఖ్యం. తుడవకుండా రుద్దితే మైనాన్ని లోపలికి రుద్దినట్టు అవుతుంది.

రిసీవర్ వైపు శుభ్రానికి నేను బంకమన్ను నుంచి మొదలుపెడతాను. టూత్‌పిక్‌తో ప్రతి రంధ్రం, బోల్ట్ నడిచే దారులు, ట్రిగ్గర్ పిన్నుల చోటు. తర్వాత లగ్ మీది టేప్ పీకి, మైనాన్ని ద్రావకంతో తుడిచి, ఉక్కుకి నూనె పట్టిస్తాను. ట్రిగ్గర్ బిగించడం అన్నిటికన్నా ఆఖరున. మైనం పలుకు ఒకటి అందులో పడితే సేఫ్టీ మొరాయించొచ్చు, సియర్ (ట్రిగ్గర్ నొక్కేదాకా ఫైరింగ్ పిన్నుని ఆపి ఉంచే ముక్క) సరిగ్గా పట్టకపోవచ్చు. అందుకని బిగించాక ఖాళీ ఛాంబర్‌తోనే బోల్ట్‌ని పదిసార్లు ఆడించి, సేఫ్టీ వేసి తీసి చూస్తాను.